బొచ్చు, చుండ్రు, పిడుదులు: పెంపుడు జంతువులున్న ఇంటికి వ్యాక్యూమ్ క్లీనర్

కుక్కో పిల్లో తిరిగే ఇంట్లో వ్యాక్యూమ్ క్లీనర్ పీల్చవలసిన సరుకు మూడు రకాలు. మొదటిది బొచ్చు. రెండోది చర్మం మీద నుంచి పొడిపొడిగా రాలే చుండ్రు. మూడోది బయట తిరిగివచ్చిన జంతువు వెంట తెచ్చేది: కాళ్లకంటిన మట్టి, తోకకు పట్టుకున్న పల్లేరుకాయలు, చెవుల వెనక దాక్కున్న పిడుదులు. బొచ్చు కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరూ దాని గురించే మాట్లాడతారు. అమ్మేవాళ్లు కూడా పెట్టె మీద బొచ్చుకుక్క బొమ్మే వేస్తారు. తుమ్ములకూ ఆయాసానికీ కారణం మాత్రం ఎక్కువగా రెండోదే. మూడింటికీ కావలసిన లక్షణాలు వేరు. మూడింటిలోనూ సమానంగా పనికొచ్చే యంత్రం దొరకడం కష్టం గనుక, ఇంట్లో ఏది ఎక్కువ ఇబ్బంది పెడుతోందో తేల్చుకున్నాకే కొనాలి.

నేల సంగతి ఇంకా ముఖ్యం. నెల్లూరు జిల్లా పడమటి కొసన, వెలికొండల పంచనున్న సీతారామపురం మండలాన్నే తీసుకుంటే, కొండ దాటితే కడప జిల్లా. అందుకే పాత ఇళ్లలో కడప బండలు, కొన్నింట్లో సిమెంటు గచ్చు, కొత్తగా కట్టినవాటిలో టైల్స్ కనిపిస్తాయి. గోడ నుంచి గోడ దాకా తివాచీ పరిచిన గది ఆత్మకూరు, ఉదయగిరి వైపు వెతికినా దొరకదు. వ్యాక్యూమ్ క్లీనరు పుట్టింది తివాచీల దేశంలో. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ చేసిన యంత్రం గుర్రాలు లాగే బండి మీద వీధిలో నిలబడితే, పొడవాటి గొట్టాలను కిటికీల్లోంచి లోపలికి పంపి తివాచీలు శుభ్రం చేసేవారు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అనే ఉబ్బసం రోగి ఒక దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. దుమ్ము తట్టుకోలేక ఫ్యాను మోటారుకు దిండు గలీబు తగిలించి, ముందు తిరిగే బ్రష్షు పెట్టి తన యంత్రం తయారు చేసుకున్నాడు. 1908లో పేటెంటు తీసుకున్నాడు. ఆ హక్కులు కొన్న కుటుంబం పేరే తర్వాత హూవర్ కంపెనీగా ప్రపంచమంతా తెలిసింది. భారతదేశంలో 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ సేల్స్‌మన్లను ఇంటింటికీ పంపి ఈ యంత్రాన్ని పట్టణాలకు అలవాటు చేసింది. ఇప్పటికీ చాలా మోడళ్ల ముందుభాగం తివాచీని దృష్టిలో పెట్టుకుని చేసిందే.

దీనివల్ల ఒక చిక్కు వస్తుంది. గరుకు బ్రష్షు చుట్టలా గిర్రున తిరిగే మూతి తివాచీలోంచి బొచ్చును లేపి లోపలికి తోస్తుంది. అదే మూతిని నున్నటి బండ మీద పెడితే బ్రష్షు తగిలిన బొచ్చు గాలికి ఎదురుగా ఎగిరి, యంత్రం నడిచిన చోటికి అడుగు వెనక పడుతుంది. బండకు, టైలుకు కావలసింది బ్రష్షు తిరగని వెడల్పాటి మూతి, లేదా మెత్తటి గుడ్డచుట్ట ఉన్న మూతి. రెండు రకాల మూతులూ పెట్టెలోనే ఇస్తున్నారో లేదో కొనేముందు చూసుకోవాలి. పేడతో అలికిన నేల మీద, పెళ్లలు లేస్తున్న పాత గచ్చు మీద అసలు ఏ యంత్రమూ పెట్టకూడదు. దుమ్ముకు బదులు నేలే సంచిలోకి వస్తుంది.

బొచ్చు ఎలా రాలుతుంది, ఎందుకు రాదు

బొచ్చున్న జంతువులన్నీ ఒకేలా రాల్చవు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, పొమెరేనియన్ వంటి కుక్కలకు రెండు పొరలుంటాయి. పైన నిటారుగా, గట్టిగా ఉండే వెంట్రుకలు, కింద మెత్తటి నూగు. ఇల్లంతా ఎగిరేది ఈ నూగే. ఊరకుక్క బొచ్చు పొట్టిది, గరుకుది. తక్కువ రాలినట్టు అనిపిస్తుందిగాని, రాలినది సూదిలా గుడ్డలో దిగబడుతుంది. పూడిల్ జాతి బొచ్చు మనిషి జుట్టులా చాలాకాలం పెరుగుతూనే ఉంటుంది కాబట్టి నేల మీద తక్కువ పడుతుంది. ఇక సీతారామపురం, ఉదయగిరి పల్లెల్లో తల్లి చచ్చిపోయిన గొర్రెపిల్లను సీసాపాలు పట్టి ఇంట్లోనే పెంచడం కొత్త కాదు. ఆ ఇళ్లకు భయం లేదు. నెల్లూరు జాతి గొర్రెకు ఒళ్లంతా పొట్టి వెంట్రుకలే, మూపు దగ్గర, రొమ్ము దగ్గర, వెనక భాగాన తప్ప ఉన్ని ఉండదు. తెల్లటి పల్ల అయినా, మూతికీ కళ్లకూ నల్లమచ్చలుండే జోడిపి అయినా, గోధుమరంగు దొర అయినా ఇదే తీరు. ఆ పొట్టి వెంట్రుకను మామూలు చీపురే తీసేస్తుంది.

రాలే కాలాన్ని నడిపేది ప్రధానంగా పగటి పొడవు. చలిదేశాల్లో వేసవికీ శీతాకాలానికీ పగటి పొడవులో చాలా తేడా ఉంటుంది కనుక కుక్కలు ఏడాదికి రెండుసార్లు ఒక్కసారిగా బొచ్చు మారుస్తాయి. సీతారామపురం సుమారు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ జూన్‌లో పగలు సుమారు 13 గంటలు, డిసెంబరులో 11 గంటల పైచిలుకు. తేడా రెండు గంటల లోపే. పైగా రాత్రి పదింటిదాకా ఇంట్లో లైటు వెలుగుతుంది. కాబట్టి ఇంట్లోనే పెరిగే కుక్కకు బొచ్చు ఒక ఋతువులో కుప్పగా కాక ఏడాది పొడవునా ఎంతోకొంత రాలుతూ ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు గట్టిగా పనిచేసే పెద్ద యంత్రం కన్నా రెండు రోజులకోసారి చేతిలోకి తీసుకోబుద్ధయ్యే తేలికపాటి యంత్రం ఇలాంటి చోట ఎక్కువ ఉపయోగం.

నేల మీది బొచ్చు తీయడం తేలిక. సోఫాలో దిగిన బొచ్చే అసలు పరీక్ష. వెంట్రుకను సూక్ష్మదర్శినిలో చూస్తే పైపొర అంతా ఒకదాని మీద ఒకటి ఎక్కిన పొలుసులే, వాటి అంచులు కొసవైపు తిరిగి ఉంటాయి. అందువల్ల వెంట్రుక కుదురువైపు జారినంత సులువుగా కొసవైపు జారదు. దీన్ని చేత్తోనే చూడొచ్చు. పొడవాటి వెంట్రుకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, వేళ్లను ముందుకూ వెనక్కూ ఆడిస్తే, అది ప్రతిసారీ కుదురు వైపే పాకుతుంది. మనిషి సోఫాలో కూర్చుని కదిలిన ప్రతిసారీ కుక్క వెంట్రుక కూడా కుదురు ముందుగా గుడ్డ నేతలోకి ఇంకాస్త దిగుతుంది. వెనక్కి లాగితే పొలుసులు అడ్డుపడతాయి. దీనికి తోడు ఎండాకాలపు పొడిగాలిలో పాలియెస్టర్ గుడ్డకూ బొచ్చుకూ రాపిడివల్ల స్థిరవిద్యుత్తు పుట్టి రెండూ అతుక్కుంటాయి.

ఇంత సన్నటి వెంట్రుక మీద గాలి చూపించగల బలం చాలా తక్కువ. కేవలం పీల్చడం చాలదు, ఏదో ఒకటి దాన్ని కదిలించాలి. సోఫా కోసం ఇచ్చే చిన్న తిరుగుడు బ్రష్షు చేసే పని అదే. ఇందులోనూ రెండు రకాలున్నాయి. గాలి ఒరవడికి తిరిగే టర్బో బ్రష్షు గట్టిగా అదిమినా, సంచి నిండినా ఆగిపోతుంది. సొంత మోటారున్నది ఆగదు. మందపాటి గుడ్డ సోఫా ఉన్న ఇంటికి రెండోదే సరైనది. బ్రష్షు చుట్టకు వెంట్రుకలు పెనవేసుకుంటే కత్తెరతో కోసి తీయడానికి చుట్ట ఊడివచ్చేలా ఉండాలి. రబ్బరు రెక్కల చుట్టకు పెనవేసుకోవడం తక్కువ. రెక్సిన్ సోఫాకు ఇవేవీ అక్కర్లేదు, తడిగుడ్డ చాలు. గుడ్డ సోఫాకు కూడా ముందు తడి రబ్బరు చేతొడుగుతో ఒకే దిక్కుగా నిమిరితే సగానికి సగం ఉండలుగా లేచివస్తుంది. మిగిలినదాన్నే యంత్రానికి వదలాలి. దూది పరుపు మీద పూర్తి వేగం పెట్టకూడదు, పాత గుడ్డలోంచి దూది నూగు కూడా వచ్చేస్తుంది.

వాట్ల లెక్క

పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే 1,400 వాట్లు, 2,000 వాట్లు అనే అంకె మోటారు తీసుకునే కరెంటు లెక్క, పీల్చే బలం లెక్క కాదు. పీల్చే పనికి రెండు కొలతలున్నాయి. మూతిని పూర్తిగా మూసినప్పుడు లోపల ఏర్పడే పీడనం తగ్గుదల ఒకటి, దీన్ని కిలోపాస్కల్స్‌లో చెబుతారు. గొట్టం తెరిచి ఉన్నప్పుడు సెకనుకు లోపలికొచ్చే గాలి రెండోది. మూతి మూస్తే పీడనం గరిష్ఠం, గాలి సున్నా. తెరిస్తే గాలి గరిష్ఠం, పీడనం దాదాపు సున్నా. పని జరిగేది మధ్యలో. మూసినప్పుడు 20 కిలోపాస్కల్స్, తెరిచినప్పుడు సెకనుకు 40 లీటర్లు ఇచ్చే యంత్రం తీసుకుంటే, మధ్యలో 10 కిలోపాస్కల్స్, 20 లీటర్లు. రెండింటినీ గుణిస్తే 200 వాట్లు. దీన్నే ఎయిర్‌వాట్లు అంటారు. కరెంటు 1,400 వాట్లు తిన్నా గాలికి చేరేది ఇంతే కావచ్చు, మిగతాది వేడిగా, మోతగా పోతుంది. యూరోపియన్ యూనియన్ 2014 సెప్టెంబరులో 1,600 వాట్లకు మించిన గృహ వ్యాక్యూమ్ క్లీనర్ల అమ్మకాన్ని ఆపింది, 2017లో ఆ పరిమితిని 900కు దించింది. అక్కడి తివాచీలు దానివల్ల మురికిపట్టిపోలేదు. కంపెనీలు ఫ్యాను రెక్కలనూ మూతులనూ మెరుగుపరిచాయి.

మూతి రూపం ఎందుకంత ముఖ్యమంటే, గాలి వేగం దూరంతో చాలా త్వరగా పడిపోతుంది. చిన్న రంధ్రం వైపు అన్ని దిక్కుల నుంచీ గాలి వస్తున్నప్పుడు దూరం రెట్టింపయితే వేగం సుమారు నాలుగో వంతవుతుంది. మూతికి ఒక వేలెడు అవతలున్న బొచ్చుండ కదలకుండా కూర్చోవడం అందుకే. నున్నటి టైలు మీద ఆనుకున్న మూతికీ, ఎగుడుదిగుడు కడప బండ మీద సందు వదిలిన మూతికీ ఫలితంలో తేడా అక్కడే వస్తుంది. చుట్టూ మెత్తటి కుచ్చు ఉన్న మూతి ఆ సందును కొంత మూస్తుంది.

కరెంటు సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. 230 ఓల్టుల దగ్గర 1,400 వాట్ల యంత్రం సుమారు 6 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యాన్లకూ ఫోన్లకూ వాడే చిన్న సాకెట్టుకు అది అంచు. ఫ్రిజ్జుకో గీజరుకో పెట్టిన 16 ఆంపియర్ల సాకెట్టులోనే పెట్టాలి. అరగంట నడిస్తే 0.7 యూనిట్టు, బిల్లులో పెద్ద భారమేమీ కాదు. ఎండాకాలం సాయంత్రాలు ఓల్టేజి పడిపోవడం పల్లెల్లో మామూలే. ఫ్యాను చుట్ల వేగం తగ్గితే పీడనం దాని వర్గంతోపాటు తగ్గుతుంది. వేగం పదో వంతు తగ్గితే పీల్చే పీడనం దాదాపు ఐదో వంతు పోతుంది. మామూలు 900 వీఏ ఇన్వర్టరు ఈ యంత్రాన్ని మోయలేదు. బ్యాటరీతో నడిచే తీగలేని రకానికి ఈ తిప్పలు లేవు. కాకపోతే పూర్తి వేగంలో పది నిమిషాల చుట్టుపక్కల ఆగిపోతుంది. లిథియం బ్యాటరీకి వేడి పడదు, మే నెలలో రేకుల కింద ఛార్జింగ్ పెడితే ఆయుష్షు త్వరగా తగ్గుతుంది. రెండు గదుల ఇంటికి తీగలేనిది చాలు, నాలుగు గదులకు తీగ ఉన్నదే మేలు.

వెనక నుంచి వచ్చే గాలి

చుండ్రు విషయంలో యంత్రం ఎంత పీల్చిందన్నదానికన్నా వెనక నుంచి ఏం వదిలిందన్నది ముఖ్యం. పిల్లి ఎలర్జీకి ప్రధాన కారణం ఫెల్ డి 1 అనే ప్రొటీను. అది పిల్లి లాలాజలంలోనూ చర్మపు నూనె గ్రంథుల్లోనూ తయారవుతుంది. పిల్లి ఒళ్లు నాక్కున్నప్పుడు బొచ్చుకంటి, ఆరి, పొడిగా గాల్లో కలుస్తుంది. కుక్కలో దీనికి సమానమైనది కేన్ ఎఫ్ 1. కాబట్టి బొచ్చు తక్కువున్న జాతిని తెచ్చుకుంటే ఎలర్జీ రాదన్న మాటలో నిజం తక్కువ. పిల్లిని ఇంట్లోంచి పంపేశాక కూడా ఈ ప్రొటీను పరుపుల్లో, గోడల మీద నెలల తరబడి ఉంటుంది.

ఈ పొడిలో చాలా కణాలు 5 మైక్రాన్లకన్నా చిన్నవి. మనిషి వెంట్రుక మందం 70 మైక్రాన్ల చుట్టుపక్కల. కదలని గాలిలో 10 మైక్రాన్ల కణం మనిషి ముక్కు ఎత్తు నుంచి నేలకు దిగడానికి ఎనిమిది నిమిషాలు పడితే, 1 మైక్రాను కణానికి సుమారు 12 గంటలు పడుతుంది. పొద్దున పొడి పొరకతో గబగబా ఊడ్చిన గదిలో మధ్యాహ్నం దాకా తుమ్ములు ఆగకపోవడానికి కారణం ఇదే. వడపోత సరిగా లేని వ్యాక్యూమ్ క్లీనరు ఇంకా అన్యాయం, బొచ్చును దాచుకుని చుండ్రును పొడిచేసి గదంతా చల్లుతుంది.

హెపా అనే వడపోత 1940లలో అమెరికా అణుబాంబు ప్రయత్నంలో రేడియోధార్మిక ధూళిని ఆపడానికి పుట్టింది. 0.3 మైక్రాను కణాల్లో 99.97 శాతాన్ని ఆపాలన్నది దాని ప్రమాణం. ఇది జల్లెడలా పనిచేయదు. పెద్ద కణాలు గాలితోపాటు మలుపు తిరగలేక పీచుకు గుద్దుకుంటాయి. మరీ చిన్నవి గాలి అణువుల తాకిడికి తడబడుతూ తిరిగి ఏదో ఒక పీచుకు అంటుకుంటాయి. ఈ రెండు పద్ధతులకూ సరిగా చిక్కనివి 0.3 మైక్రాను దగ్గరుంటాయి, అందుకే పరీక్ష ఆ పరిమాణం మీదే పెట్టారు. పెట్టె మీద ఉత్త "హెపా టైప్" అని ఉంటే అది ఈ ప్రమాణానికి హామీ కాదు. హెచ్13 వంటి తరగతి రాసి ఉండాలి. ఫిల్టరు మంచిదైనా చుట్టూ రబ్బరు వాషరు సరిగా కూర్చోకపోతే గాలి దాన్ని తప్పించుకుని పోతుంది. రాత్రిపూట లైట్లు తీసి, యంత్రం నడుపుతూ, గాలి బయటికొచ్చే చోట టార్చి వెలుతురు అడ్డంగా వేస్తే లీకు తెలుస్తుంది. వెలుతురులో నలుసులు వరుసగా మెరిస్తే లీకు ఉన్నట్టే. మెరవకపోతే పెద్ద లీకు లేదని మాత్రమే అర్థం.

సంచి రకమా, సంచి లేని సైక్లోన్ రకమా అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. సైక్లోన్‌లో గాలి సుడి తిరిగి బరువైన దుమ్మును గోడకు విసిరేస్తుంది. డబ్బా ఖాళీ చేసేటప్పుడు ఆ పొడి మొహాన లేస్తుంది. ఒకసారి వాడి పారేసే సంచిలో ఆ ఇబ్బంది లేదు, ఉబ్బసం ఉన్న ఇంటికి అదే మంచిది. కానీ సీతారామపురం నుంచి నెల్లూరు వంద కిలోమీటర్ల పైమాటే, సరైన కొలత సంచి అయిపోతే ఆన్‌లైన్లో తెప్పించుకోవాల్సిందే. ఏడాదికి సరిపడా సంచులు, ఒక ఫిల్టరు యంత్రంతోపాటే కొనుక్కోలేనివాళ్లకు సైక్లోన్ రకమే నయం. డబ్బా దులపడం ఎలర్జీ లేనివాళ్లు, పెరట్లో, ముక్కుకు గుడ్డ కట్టుకుని చేయాలి.

ఫిల్టరును చంపేవి బొచ్చూ చుండ్రూ కాదు, మెత్తటి రాతిపొడులు. ముగ్గుపిండి, సిమెంటు, పిడకల బూడిద దీనితో ఎత్తకూడదు. బూడిదలో నిప్పు మిగిలి ఉంటే సంచే అంటుకుంటుంది. కొయ్య గరిటెలూ స్పూన్లూ చెక్కే ఉదయగిరి కళాకారుల ఇళ్లలో చెక్కపొడి ఎక్కువ కాబట్టి అక్కడ డ్రమ్ము ఆకారంలో ఉండే తడి-పొడి రకం సరిపోతుంది. పరుపు మీద కుక్కపిల్ల ఉచ్చ పోసే ఇంటికి కూడా ఆ రకమే కావాలి. పొడి యంత్రంతో తడి పీలిస్తే మోటారు కాలిపోతుంది, షాకు కొట్టే ప్రమాదమూ ఉంది.

మోత గురించి ఒక మాట. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది, కుక్క సుమారు 45 దాకా, పిల్లి 60 దాటి కూడా. కొత్తరకం మోటార్లు నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతాయి. ఫ్యానుకు 13 రెక్కలుంటే ఆ రెక్కల స్వరం సెకనుకు 21,600 కంపనాలు దాటుతుంది. యజమానికి నిశ్శబ్దంగా అనిపించిన యంత్రం కుక్కకు కీచుమని మోగుతూ ఉండొచ్చు. దుకాణంలో మన చెవితో విని తీర్పు చెప్పడం పూర్తిగా నమ్మదగింది కాదు. మొదట్లో యంత్రాన్ని ఆపి ఉంచి వాసన చూడనివ్వడం, తర్వాత పక్క గదిలో నడపడం మంచిది.

తనంతట తాను తిరిగే రోబో రకం తెలుగు ఇంట్లో గడప దగ్గర ఆగిపోతుంది. పసుపు రాసిన ఎత్తు గడప దాటడం దానివల్ల కాదు. కుక్కపిల్ల పెంట మీదుగా వెళ్తే దాన్ని గదంతా పూస్తుంది. ఒకే హాలు, టైల్స్ నేల, అలవాటుపడిన పెద్ద కుక్క ఉన్నచోట తప్ప దాని జోలికి పోనక్కర్లేదు.

పిడుదుల విషయంలో వ్యాక్యూమ్ క్లీనరుకు చీపురు సాటిరాదు. ఇళ్లలో కుక్కలను పట్టే గోధుమరంగు పిడుదు రక్తం తాగి ఉబ్బాక కుక్కను వదిలి గోడ పగుళ్లలోకి, బండల సందుల్లోకి, మంచం కీళ్లలోకి ఎక్కి వేల గుడ్లు పెడుతుంది. కుక్కకు మందు వేసినా ఇంట్లోని గుడ్లు మిగిలే ఉంటాయి. సన్నటి మూతి తొడిగి ఆ సందులన్నీ వారానికి రెండుసార్లు పీల్చాలి. బొచ్చులో చిటుక్కున గెంతే ఫ్లీ పురుగుల మీద 2007లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ శాస్త్రజ్ఞులు పరీక్ష చేస్తే, యంత్రం లోపల దెబ్బలు తిని పెద్ద పురుగుల్లో 96 శాతం చచ్చాయి, గూడుదశలో ఉన్నవి అన్నీ చచ్చాయి. పిడుదు ఒళ్లు గట్టిది, దాని విషయంలో అంత ధీమా పనికిరాదు. పీల్చిన వెంటనే సంచినో డబ్బానో బయటికి తీసుకెళ్లి, సరుకును ప్లాస్టిక్ కవరులో గట్టిగా ముడివేయాలి.

పిడుదులు లేని రోజుల్లో వచ్చిన బొచ్చును పారేయనక్కర్లేదు. వెంట్రుకలోని కెరటిన్ బరువులో ఆరో వంతు దాకా నత్రజనే. పెంటదిబ్బలో నెమ్మదిగా కుళ్లి ఎరువవుతుంది. సోఫా మీద, పరుపు మీద పీల్చిన దాంట్లో పాలియెస్టర్ నూగు కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని వేరుగా పెట్టాలి. పిడుదుల మందు పోసిన కుక్క బొచ్చును కూడా, మందు ప్రభావం పోయేదాకా, దిబ్బలో వేయకూడదు.